సైన్యంలో ఉంటూ సొంతంగా విమానం నేర్చుకోవడం: అనుభవమున్నవారు దారి చూపండి

సంకేతదళం

అందరికీ నమస్కారం. సైన్యంలో సమాచార విభాగంలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. విమాన సిబ్బందిని కాను. రేడియో సెట్లు, యాంటెన్నాలు, కేబుళ్ళే నా పని. పోయిన నెల ఒక సెలవు రోజున ఫ్లయింగ్ క్లబ్బులో పరిచయ పాఠానికి వెళ్ళాను. విమానం నిలకడగా సాగుతుండగా శిక్షకుడు "ఇక మీరు పట్టుకోండి" అని చేతులు తీసేశారు. నేను కంట్రోలును బిగించి పట్టుకున్నాను. ముక్కు పైకి లేచింది, దించితే మరీ దిగిపోయింది. ఆయన "రెండు వేళ్ళు చాలు" అన్నారు. పట్టు సడలించగానే విమానం దానంతటదే కుదురుకుంది. ఆ రెండు నిమిషాలు నా మనసులోంచి పోవడం లేదు.

నేర్చుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను. సందేహాలు చాలా ఉన్నాయి. పై అధికారి అనుమతి కావాలా, సెలవు రోజు కాబట్టి నా ఇష్టమా? మెడికల్ పరీక్షలో ఏదైనా బయటపడితే ఉద్యోగానికి ఎసరు వస్తుందా? ఎప్పుడు ఎక్కడికి పంపుతారో తెలియని కొలువులో ఉండగా మొదలుపెట్టడం సరైనదేనా? మొత్తం ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామని క్లబ్బువారు అంటున్నారు, కట్టమంటారా?

పాతరెక్కలు

సంకేతదళం గారూ, నేను సైన్యం నుంచి బయటికొచ్చాక చాలా ఏళ్ళుగా చిన్న విమానాలపై శిక్షణ ఇస్తున్నాను. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు: కట్టవద్దు. ఈ నెలలో ఎన్ని పాఠాలు ఎగరగలరో అన్నింటికే కట్టండి. రేపు మిమ్మల్ని ఎక్కడికో పంపితే ఆ డబ్బు చిక్కుకుపోతుంది. క్లబ్బు మూతపడితే అసలే రాదు.

ఇక అనుమతి సంగతి. సైనిక విమానయానం, పౌర విమానయానం చట్టరీత్యా వేరు. 1944 షికాగో ఒప్పందం మూడవ అధికరణం ఆ గీత గీసింది. ఒప్పందం పౌర విమానాలకే వర్తిస్తుంది. సైన్యం, పోలీసు, కస్టమ్స్ వాడే విమానాలు ప్రభుత్వ విమానాల కిందికి వస్తాయి. అందువల్ల మీకు లైసెన్సు ఇచ్చేది పౌర విమానయాన అధికారులే. కానీ ఆ లైసెన్సు జేబులో పెట్టుకున్న మనిషి మాత్రం రోజంతా సైన్యం మనిషే. కొన్నిచోట్ల ముందస్తు అనుమతి తప్పనిసరి, కొన్నిచోట్ల తెలియజేస్తే చాలు. మీ యూనిట్ కార్యాలయంలో అడగండి. ఏ జవాబు వచ్చినా కాగితం మీద తీసుకోండి. నోటిమాటగా వచ్చిన అనుమతి ఆ అధికారి బదిలీతోనే వెళ్ళిపోతుంది.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్దేశించిన కనీసం ఇది: వయసు 17 నిండాలి, 40 గంటలు ఎగిరి ఉండాలి, ఆమోదం పొందిన కోర్సులో అయితే 35 గంటలు. అందులో సోలో, అంటే శిక్షకుడు లేకుండా ఒంటరిగా, 10 గంటలు. ఆ పదిలో 5 గంటలు క్రాస్‌కంట్రీ, అంటే ఒక చోటినుంచి మరో చోటికి దూరప్రయాణం. ఒక ప్రయాణం 270 కిలోమీటర్లకు తగ్గకూడదు, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి పూర్తిగా ఆగాలి. దేశాన్ని బట్టి ఇంకా ఎక్కువ అడగవచ్చు. ఉద్యోగం చేస్తూ నేర్చుకునేవారికి ఈ గంటలు సరిపోవడం అరుదు. దానికి బాధపడకండి.

నేలమనిషి

నా సలహా వేరు. సర్వీసు పూర్తయ్యాక నేర్చుకోండి. మీ కాలు విరిగితే నష్టం మీ ఒక్కరికే కాదు. మీ చోట డ్యూటీ చేయాల్సినవాడికి సెలవు రద్దవుతుంది. వాడింట్లో పసిపిల్లలుండవచ్చు. ఇరవై ఏళ్ళు యూనిట్ నడిపిన మనిషిగా చెబుతున్నాను. మనసు నొప్పిస్తే మన్నించండి.

తరంగం

నేలమనిషి గారి మాటలో న్యాయముంది. అయినా ఆ లెక్కన మనవాళ్ళెవరూ ఫుట్‌బాల్ కూడా ఆడకూడదు. మా ఓడలో కాళ్ళు ఎక్కువగా విరిగింది అక్కడే.

నేను నౌకాదళం. నా అనుభవం ముఖ్యంగా విరామం గురించి. 14 గంటలు ఎగిరి, ఇక సోలోకి పంపుతారనగా ఓడ బయలుదేరింది. ఏడు నెలలు. తిరిగొచ్చి విమానం ఎక్కితే టేకాఫ్ బాగానే వచ్చింది, రేడియోలో మాట్లాడటం కూడా వచ్చింది. దిగడం మాత్రం పూర్తిగా పోయింది. రన్‌వేకి ఎంత ఎత్తులో ముక్కు ఎత్తాలో చెప్పే ఆ చూపు ఉంటుంది చూడండి, అది పోయింది. ఒకసారి ఇంటి మొదటి అంతస్తు అంత ఎత్తులోనే ఎత్తేశాను. వేగం చచ్చిపోయి విమానం కిందికి కూలబడుతుంటే శిక్షకుడు ఇంజను శక్తి పెంచే థ్రాటిల్ పూర్తిగా తోసి మళ్ళీ పైకి లేపారు. ఆరు పాఠాల తరువాతగానీ పాత చోటికి చేరలేదు.

రెండోసారి ఓడ వెళ్ళినప్పుడు బుద్ధిగా చేశాను. సిద్ధాంత పాఠాలన్నీ సముద్రం మీదే చదివాను: వాతావరణం, దిక్సూచి, నియమాలు, విమానం బరువు లెక్కలు. రోజూ పడుకునే ముందు బంకు మీద కూర్చుని, కాక్‌పిట్ చిత్రాన్ని ఎదుట పెట్టుకుని, సర్క్యూట్ (టేకాఫ్ చేసి, ఎయిర్‌ఫీల్డు చుట్టూ తిరిగి దిగడం) మొత్తం చేతులతో తిప్పుతూ పైకి చదివేవాణ్ణి. ఇక్కడ ఇంత థ్రాటిల్, ఇక్కడ ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున దించే పలకలు), ఇక్కడ ఇంత వేగం. తోటివాళ్ళు మొదట వింతగా చూశారు, తరువాత చెక్‌లిస్టు పట్టుకుని తప్పులు చెప్పేవారు. ఈసారి రెండు పాఠాల్లోనే దిగడం వచ్చేసింది.

ఒక జాగ్రత్త. రాతపరీక్ష పాసైతే ఆ ఫలితం ఎంతకాలం చెల్లుతుందో ముందే అడగండి. గడువులోపల మిగతావి పూర్తిచేయకపోతే మళ్ళీ రాయాలి.

ఆకాశవైద్యం

నేను సైనిక వైద్యుణ్ణి. పైలట్ల మెడికల్ పరీక్షలు కూడా చేస్తాను. తమ్ముడూ, ఫీజు కట్టేముందే మెడికల్ చేయించుకో. ప్రైవేటు లైసెన్సుకు రెండో తరగతి ధ్రువపత్రం చాలు. అంతర్జాతీయ నియమం ప్రకారం అది 40 ఏళ్ళ లోపు వారికి 60 నెలలు, దాటితే 24 నెలలు. సమాచార విభాగం అంటున్నావు కాబట్టి వినికిడి, ఆపైన రంగుల గుర్తింపు సంగతి ముందే చూపించుకో. జనరేటర్ల పక్కన, ఫైరింగ్ రేంజిలో గడిపిన ఏళ్ళు చెవిలో జమవుతాయి.

ఏదైనా బయటపడుతుందేమో అని దాచే ఆలోచన పెట్టుకోవద్దు. ఒక దగ్గర ఒకటి, మరో దగ్గర మరొకటి చెప్పిన మనిషిని రెండు చోట్లా నమ్మరు. చాలా సమస్యలు కళ్ళజోడుతోనో, మందు మార్చడంతోనో తీరిపోయేవే.

సైనికులకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి మందులు. మలేరియా ప్రాంతాలకు వెళ్ళేటప్పుడు ఇచ్చే మాత్రల్లో మెఫ్లోక్విన్ ఒకటి. తల తిరగడం, మానసిక గందరగోళం తెచ్చే గుణం ఉండటంతో అది వేసుకుంటూ విమానం నడపకూడదు. జలుబుకు వాడే పాత రకం అలెర్జీ మాత్రలు మగత తెస్తాయి. మన శిబిరాల్లో రక్తదానం తరచూ చేస్తాం. చేసిన రోజున ఎగరవద్దు, కనీసం 24 గంటలు ఆగు. డైవింగ్ చేసేవారు కూడా నీళ్ళలోంచి వచ్చిన రోజున ఆకాశంలోకి పోకూడదు. మద్యానికి కొన్ని దేశాల్లో 8 గంటల ఎడం, కొన్నింట 12 గంటలు. నా మాట వింటే ఒక పూర్తి రోజు పెట్టుకో.

వీటన్నిటికంటే నాకు భయం కలిగించేది నిద్రలేమి. 1997లో ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, 17 గంటలు మేలుకుని ఉన్నవారి చేతిచురుకు రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవారి స్థాయికి దిగిపోయింది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఎయిర్‌ఫీల్డుకి వెళ్ళే మనిషి ఆ స్థితిలోనే వెళుతున్నట్టు.

రోటర్

సైన్యంలో హెలికాప్టర్లు నడుపుతాను. సొంత డబ్బుతో చిన్న విమానం నేర్చుకున్నాను. సులువుగా వచ్చేస్తుందనుకున్నాను, రాలేదు. హెలికాప్టర్‌లో దిగేటప్పుడు వేగాన్ని తగ్గించుకుంటూ సున్నాకు తెస్తాం, చేతికి ఆ అలవాటుంది. విమానంలో అదే చేస్తే రెక్క పట్టు వదిలేస్తుంది, దాన్నే స్టాల్ అంటారు. సెస్నా 172 ఫ్లాప్స్ లేకుండా దాదాపు 48 నాట్ల (గంటకు సుమారు 89 కిలోమీటర్లు) దగ్గర స్టాల్ అవుతుంది. అదీ రెక్కలు సమంగా ఉన్నప్పుడు. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వంచి తిప్పితే బరువు రెట్టింపై, ఆ 48 కాస్తా 68 అవుతుంది. రన్‌వే దాటిపోతున్నామని తొందరపడి చివరి మలుపును బిగించేవారు ఈ లెక్క మరిచిపోతారు. మరిచిపోతే సరిదిద్దుకోవడానికి కింద ఎత్తు ఉండదు.

చేతుల అలవాటు మార్చుకోవడానికి పది గంటలు పట్టింది. మనసు అలవాటు మార్చుకోవడానికి ఏడాది. అదే చెప్పాలని రాస్తున్నాను.

మనకు క్రమశిక్షణ ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు. నిజమే, చెక్‌లిస్టు చదవమంటే చదువుతాం. కానీ ఆ క్రమశిక్షణ వెనుక ఎంతమంది ఉంటారో చూడండి. వాతావరణం చెప్పేవారు ఒకరు, ఇంజను సంతకం చేసేవారు ఒకరు, డ్యూటీ అధికారి ఒకరు, పక్క సీటులో ఒకరు. వీరిలో ఎవరైనా "ఈ రోజు వద్దు" అనవచ్చు. మన వంతు, ఇచ్చిన పని పూర్తిచేయడం. చిన్న విమానంలో ఒంటరిగా కూర్చున్నప్పుడు వాళ్ళెవరూ లేరు. పని పూర్తిచేయాలన్న అలవాటు మాత్రం మీతోపాటే ఎక్కి కూర్చుంటుంది. మబ్బు దిగుతున్నా "ఇంకో పది నిమిషాలేగా" అంటుంది.

1954లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో, బయట చూడకుండా పరికరాలు మాత్రమే చూసి ఎగరడం రాని 20 మందికి మబ్బులో ఉన్న పరిస్థితి కల్పించి చూశారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు. సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు.

కాబట్టి సంకేతదళం గారూ, మీరు నేర్చుకోవాల్సిన మొదటి విద్య స్టీరింగ్ కాదు. మీకు మీరే "వద్దు" అని చెప్పుకోవడం. దాన్ని మన ఉద్యోగం నేర్పదు.

సంకేతదళం

ఒక్కో జవాబు రెండేసి సార్లు చదివాను. రెండు విషయాలు చెప్పాలి.

మా కమాండింగ్ అధికారికి అర్జీ పెట్టుకున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "బీమా పత్రం చదివావా?" చదవలేదు. ఇంటికెళ్ళి తీస్తే, నాలుగో పేజీలో మినహాయింపుల కింద చిన్న అక్షరాల్లో ఉంది: టికెట్టు కొన్న ప్రయాణికుడిగా తప్ప మరే రకమైన విమానయానంలో మరణించినా పరిహారం ఉండదు. ఆరేళ్ళుగా ప్రీమియం కడుతున్నాను, ఆ పేజీ ఎప్పుడూ తిప్పలేదు. అదనపు రక్షణ తీసుకున్నాకే మళ్ళీ అర్జీ పెట్టాను. సంతకం పెడుతూ ఆయన ఒక షరతు రాశారు: రాత్రి డ్యూటీ దిగిన రోజున ఎగరకూడదు. ఆకాశవైద్యం గారు చెప్పినట్టే.

మెడికల్ కూడా అయింది. కుడి చెవిలో కొంచెం తగ్గుదల ఉందట. లైసెన్సుకు అడ్డం కాదన్నారు. ఇది తెలిసింది కాబట్టి డ్యూటీలో ఇప్పుడు చెవి రక్షణ తప్పకుండా పెట్టుకుంటున్నాను.

ఎదురుచూపు

నేను సైనికుడి భార్యను. మావారు ఐదేళ్ళుగా చిన్న విమానం నడుపుతున్నారు. ఇక్కడ అందరూ ఎగిరేవారే రాశారు, కింద ఉండేవారి తరఫున నేను రాస్తాను.

ఆయన ఉద్యోగం మీద వెళ్ళినప్పుడు ఏమైనా అయితే నాకు చెప్పడానికి ఒక వ్యవస్థ ఉంది. ఎవరో వస్తారు, ఎవరో ఫోను చేస్తారు. ఆదివారం ఉదయం సొంతంగా ఎగరడానికి వెళ్ళినప్పుడు అలాంటిదేమీ లేదు. మొదటి ఏడాది ఒకసారి గంటన్నర ఆలస్యమైంది. దారిలో వాన పడుతోందని వేరే చోట దిగి ఆగారట. ఆయన చేసింది సరైన పని. కానీ ఫోను పలకక, ఎవరికి ఫోను చేయాలో కూడా తెలియక నేను పడిన బాధ ఇప్పుడు చెప్పలేను.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఒక కాగితం తయారుచేశాం. విమానం నంబరు, బయలుదేరే సమయం, దారి, దారిలో దిగగల ఎయిర్‌ఫీల్డులు, తిరిగొచ్చే సమయం. కింద రెండు ఫోను నంబర్లు: ముప్పై నిమిషాలు ఆలస్యమైతే క్లబ్బుకి, గంట దాటితే గాలింపు విభాగానికి. ప్రతిసారీ నింపి నా చేతికిచ్చాకే బయలుదేరతారు. దిగగానే ఫోను చేస్తారు. ఆ కాగితం వచ్చాక నేను ఆదివారాలు మామూలుగా గడపగలుగుతున్నాను. దయచేసి మీ ఇంట్లోవారికి ఇది చేసిపెట్టండి.

నేలమనిషి

తల్లీ, మీరు రాసింది చదివి చాలాసేపు కూర్చున్నాను. ఆ కాగితం ప్రతి యూనిట్‌లోనూ ఉండాలి.

సంకేతదళం, లిఖితపూర్వక అనుమతి, బీమా, మెడికల్ అన్నీ సరిచూసుకున్నావు కాబట్టి నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. పైనుంచి ఫోటోలు తీస్తే మన స్థావరం అందులో పడకూడదు. క్లబ్బులో ఏ యూనిట్, ఏ పని అని అడిగితే "సైన్యంలో ఉద్యోగం" అని ఆపేయి. మొదటి సోలో రోజున అందరూ ఫోటో పెడతారు. యూనిఫాంలో పెట్టవద్దు.

పాతరెక్కలు

దానికి తోడు మరొకటి, నా శిక్షణలోనే ఎదురైంది. మ్యాపు మీద నిషిద్ధ, నియంత్రిత, ప్రమాదకర ప్రాంతాలు గుర్తించి ఉంటాయి. అవి ఎప్పుడు పనిచేస్తాయో ప్రకటనలు వస్తాయి. ఒక విద్యార్థి, రేంజిలో పనిచేసేవాడు, "ఈ శనివారం అక్కడ కాల్పులు లేవు, నాకు తెలుసు, అడ్డంగా వెళ్దాం" అన్నాడు. అతనికి నిజంగానే తెలుసు. నేను ఒప్పుకోలేదు. డ్యూటీలో తెలిసిన సంగతిని కాక్‌పిట్‌లోకి తేకూడదు. అది రహస్యం బయటపెట్టడమే అవుతుంది. పైగా కార్యక్రమం మారితే చెప్పేవారుండరు. అందరికీ ప్రకటించిన సమాచారం మీదే ఎగరాలి, మీకు ఎంత ఎక్కువ తెలిసినా సరే.

సంకేతదళం

మూడు నెలల తరువాత రాస్తున్నాను. 11 గంటలయ్యాయి. నిన్న జరిగింది చెప్పుకోకపోతే మనసు ఊరుకోదు.

మొన్న రాత్రి డ్యూటీ కాదు. కానీ ఒక లింకు తెగిపోయి, పిలిస్తే వెళ్ళి తెల్లవారుజామున మూడింటి దాకా పనిచేశాను. పట్టికలో లేదు కాబట్టి అది రాత్రి డ్యూటీ కాదని నాకు నేనే చెప్పుకుని ఏడింటికి ఎయిర్‌ఫీల్డుకు వెళ్ళాను. రెక్క కిందనుంచి పెట్రోలు నమూనా తీశాను. గాజులాంటి చిన్న గొట్టంలో లేత నీలం రంగు. వెలుతురుకి ఎత్తి చూసి, పారబోసి, రెండో రెక్క దగ్గరికి నడిచాను. మా శిక్షకురాలు వెనకే ఉన్నారు. "ఏం చూశారు?" అన్నారు. "బాగుందండీ" అన్నాను. ఆమె అదే చోట మళ్ళీ తీసి నా కంటి ముందు పెట్టారు. అడుగున మిరియపుగింజంత బొట్టు, రంగు లేకుండా, అటూ ఇటూ దొర్లుతోంది. నీళ్ళు. నేను పారబోసినదాంట్లో ఇంకా పెద్దది ఉండి ఉంటుంది. కళ్ళు చూశాయి, మనసు చూడలేదు.

ఆమె కేకలేయలేదు. "ఎన్ని గంటలు పడుకున్నారు?" అని అడిగి, జవాబు విని, ఆ రోజు పాఠం ఆపేశారు. మొదట ఒళ్ళు మండింది. వారమంతా ఆ ఉదయం కోసమే ఎదురుచూశాను. ఇంటికొచ్చి పడుకుంటే సాయంత్రం నాలుగింటికి మెలకువ వచ్చింది.

పాతరెక్కలు

ఆ శిక్షకురాలిని వదులుకోవద్దు. ఒక చిన్న సంగతి. గొట్టం నిండా నీళ్ళే వస్తే బొట్టు కనబడదు, అంతా ఒకే తీరుగా తేటగా ఉంటుంది. అందుకే రంగు చూడాలి, వాసన చూడాలి. నీలం లేకపోతే అనుమానించండి.

రోటర్

షరతు మాట నిలబడింది, దాని ఉద్దేశం తప్పింది. నేనూ అలాగే చేశాను, ఒకసారి కాదు. ఇప్పుడు కారు తాళం తీసే ముందే అడుగుతాను: ఒంట్లో బాగుందా, ఏ మందైనా వేసుకున్నానా, మనసులో ఏదైనా బరువుందా, నిద్ర సరిపోయిందా. ఎయిర్‌ఫీల్డు చేరాక అడిగితే విమానం కనిపిస్తుంది, జవాబు మారిపోతుంది.

సంకేతదళం

సోలో అయింది. 17 గంటల దగ్గర పంపారు. మూడు సర్క్యూట్లు. పక్క సీటు ఖాళీగా ఉండటంతో విమానం తేలికై, నేను అనుకున్నదానికంటే ముందే నేలను వదిలింది. రేడియోలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఫోటో దిగాను, మామూలు చొక్కాలోనే.

అసలు వార్త వేరే. పంపుతున్నారు, ఐదు నెలలు. వచ్చే బుధవారమే ప్రయాణం. మొత్తం 19 గంటలయ్యాయి, క్రాస్‌కంట్రీ మొదలుపెట్టలేదు. ఇప్పుడేం చేయాలి?

తరంగం

లాగ్‌బుక్‌లో ప్రతి పేజీ మొత్తాలు వేసి శిక్షకురాలి సంతకం తీసుకోండి. ఫోటోలు తీసి ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి. అసలు పుస్తకం వెంట తీసుకుపోవద్దు. కాక్‌పిట్ ప్యానెల్ ఫోటో పెద్దదిగా ముద్రించుకోండి, బంకు మీద అది కావాలి. సిద్ధాంతం పుస్తకాల్లో వాతావరణం ఒకటి పట్టుకెళ్ళండి. వచ్చాక మొదటి పాఠానికి ఏ లక్ష్యమూ పెట్టుకోవద్దు.

ఎదురుచూపు

మీ ఇంట్లోవారితో ఆ కాగితం మొదలుపెట్టారా?

సంకేతదళం

పెట్టామండీ. మీరు చెప్పిన పద్ధతిలోనే, మా ఆవిడ ఒక గడి అదనంగా చేర్చింది: "నిద్ర, ఎన్ని గంటలు". అది ఖాళీగా ఉంటే కాగితం తీసుకోదు.

ఈ ఆదివారం ఆఖరి పాఠం ఉండింది. సోలోగా ఒక గంట, వెళ్ళేముందు 20 చేయాలని ఆశ. ఆ గడిలో 8 అని రాశాను. మందుల్లేవు, జ్వరం లేదు. ఎయిర్‌ఫీల్డు చేరేసరికి రన్‌వేకి అడ్డంగా 11 నాట్ల గాలి. విద్యార్థులకు మా క్లబ్బు పరిమితి 8. శిక్షకురాలు ఇంకా రాలేదు. అరగంట గాలిసంచి కింద నిలబడి చూశాను. ఒకసారి 8కి దిగింది, మళ్ళీ పెరిగింది. ఆమె వచ్చేలోగానే పలకమీద నా పేరు ఎదురుగా "రద్దు" అని రాసేశాను. ఇద్దరం కలిసి విమానాన్ని తాళ్ళతో కట్టి, గాలి వేగం కొలిచే పీటో గొట్టానికి తొడుగు వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టాం. లాగ్‌బుక్ 19 దగ్గరే ఉంది. ప్యానెల్ ఫోటో తీసుకున్నాను, రేపు ముద్రిస్తున్నారు.